హ్యామ్‌స్టర్‌కు ఎండకాలం ఖర్చు ఎవరు పెడతారు?

వీడియో కాల్‌లో ఇక్కడ విదేశంలో మన పిల్లలు పెంచుకునే హ్యామ్‌స్టర్‌ని, అంటే ఎలుక జాతి చిన్న జీవిని చూసి, హన్మకొండలో ఉన్న మేనకోడలో మేనల్లుడో "మామా, నాకూ ఒకటి కావాలి" అంటారు. కొన్ని వందల రూపాయలకు వస్తుంది, మొరగదు, వాకింగ్‌కు తిప్పే పని లేదు. మనం వెంటనే సరే అంటాం, ఊరికి వెళ్లినప్పుడు కొనిచ్చి తిరిగి విమానం ఎక్కుతాం. ఆ జీవి గూటికీ, వరంగల్ ఎండకాలానికీ డబ్బు పెట్టే ఉద్దేశం లేకపోతే దయచేసి కొనివ్వకండి.

షాపుల్లో ఎక్కువగా దొరికేది సిరియన్ హ్యామ్‌స్టర్. ఇవాళ ఇళ్లలో పెరుగుతున్నవి దాదాపు అన్నీ 1930లో అలెప్పో దగ్గరి పొలంలో దొరికిన ఒక తల్లి, దాని పిల్లల సంతతే. సిరియా జంతువే కదా, ఎండ అలవాటే అనుకుంటారు చాలామంది. కానీ అక్కడ అది ఎండ ముదిరిన వేళ నేల లోపల చల్లని బొరియలో పడుకుని, పొద్దు వాలాక బయటికొస్తుంది. 20 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 30 దాటితే వడదెబ్బ భయం మొదలైనట్టే. మన దగ్గర మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలు. డాబా మీది గదైతే రాత్రి పది దాటినా గోడలు సెగలు కక్కుతూనే ఉంటాయి.

కాబట్టి ఏసీ కావాలి. టన్ను ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ కాలుస్తుంది. రోజుకు పది గంటలంటే నెలకు 300 యూనిట్లు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు వాడుకునే ఇల్లు ఆ హద్దు దాటిపోతుంది, ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇదే లెక్క. కూలర్ పెడితే సరిపోదా అంటారు. గది చల్లబడుతుంది గానీ తేమ పెరుగుతుంది, ఆ తడి గాలి నేరుగా గూటికి తగిలితే జీవికి జబ్బు చేస్తుంది. కూలర్ దూరంగా ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. కరెంటు పోయిన వేళకు మట్టి మూకుడు ఒకటి ఫ్రిజ్‌లో చల్లబరిచి గూట్లో బోర్లిస్తే దానికి ఆనుకుని పడుకుంటుంది. ఖర్చు తక్కువ, చాలా మంచి ఉపాయం. అయినా పూర్తిగా దానిమీదే ఆధారపడలేం.

గూటి సంగతికొస్తే, షాపువాళ్లు చేతికిచ్చే రంగురంగుల చిన్న పంజరం పనికిరాదు. నేల కొలత కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు ఉండాలి. తవ్వుకోవడానికి ఒక జానెడు లోతున బెడ్డింగ్, అంటే కింద పరిచే మెత్తటి పొర వేయాలి. అక్వేరియం షాపులో పైన జాలీతో చేయించడానికి నేను అడిగితే నాలుగైదు వేలు చెప్పారు. పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని మూతకు జాలీ బిగిస్తే ఇంకా తక్కువలో అవుతుంది. అది పరుగెత్తే చక్రం 28 సెంటీమీటర్లది కావాలి. చిన్న చక్రంలో పరుగెత్తితే వీపు వంగిపోతుంది. అంత పెద్దది వరంగల్‌లో వెతకడం కష్టం, సూట్‌కేసులో మీరే తీసుకెళ్లండి. చాక్లెట్ల కంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

బెడ్డింగ్ దగ్గర ఒక హెచ్చరిక. పత్తికి పేరుపడ్డ ఊరు కదా, మెత్తగా ఉంటుందని ఇంట్లోవాళ్లు దూది వేసేస్తారు. దూది పోగులు కాళ్లకు చుట్టుకుని రక్తం ఆగిపోతుంది, తిండి దాచుకునే బుగ్గ సంచుల్లో ఇరుక్కుంటుంది. సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టు కూడా వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. వాసన, రంగు లేని టిష్యూ కాగితం చింపి వేయడం మేలు. తిండికి పెద్ద ఖర్చు లేదు. సజ్జలు, కొర్రలు, కొన్ని గుమ్మడి గింజలు, చిన్న కీర ముక్క, అప్పుడప్పుడు ఉడికించిన గుడ్డులో కొంచెం. ఉల్లి, వెల్లుల్లి, నిమ్మజాతి పండ్లు పెట్టకూడదు.

జతగా తీసుకోండి, ఒక్కటే అయితే బెంగ పెట్టుకుంటుంది అని అమ్మేవాళ్లు చెప్తారు. వినకండి. సిరియన్ హ్యామ్‌స్టర్ ఒంటరిగా బతికే జీవి. ఎదిగినవి రెండు ఒకే గూట్లో ఉంటే చంపుకునేదాకా కొట్టుకుంటాయి. ఆడామగా అయితే 16 రోజుల్లోనే ఈనుతుంది, ఒక్కో ఈతలో ఏడెనిమిది పిల్లలు. వాటిలో ప్రతిదానికీ మళ్లీ వేరే గూడు.

ఇంకో మాట అడగాలి. ఇంట్లో దీన్ని చూసేది ఎవరు? అది లేచేది పిల్లలు పడుకున్నాక. పొద్దున స్కూల్ బస్సు హడావిడిలో నీళ్లు మార్చేది చివరికి బాపమ్మే. రెండు, రెండున్నరేళ్లు ఆమె చూడాలి. ఆమెను అడగకుండా మేనల్లుడికి మాటివ్వడం అన్యాయం. ఇంట్లో ఎలుకల మందు పెట్టే అలవాటుంటే అది కూడా ముందే మానిపించాలి.

ఇవన్నీ ఆలోచించి కూడా కొనాలనుకుంటే, జీవిని తేవడానికి వారం ముందే గూడు సిద్ధం చేయించండి, ఎండకాలం కరెంటు డబ్బు బాపమ్మ ఖాతాలో వేయండి. వరంగల్ దగ్గరి మామునూరు వెటర్నరీ కాలేజీకైనా, దగ్గరి పశువుల డాక్టరుకైనా ముందే ఫోన్ చేసి, ఇంత చిన్న జీవికి వైద్యం చేస్తారా అని కనుక్కోండి. చేస్తామంటేనే షాపుకు వెళ్లండి.