మావాడు అలగలేదు, లెక్క చెప్పాడు

ఖరీదైన ఫోన్ కోసం పిల్లలు అన్నం మానేసి సాధిస్తారని ఈమధ్య ఓ వ్యాసంలో చదివాను. ఆ రోజులు పోయాయండీ. మావాడు ఇంటర్ సెకండియర్. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16 రాగానే ముందు వాళ్లమ్మను తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత ఓ ఆదివారం నేను కోడికూర కలుపుకుంటుంటే కంచం పక్కన నోటుబుక్కు కాగితం పెట్టాడు. ఫోన్ ధర 79,900ని 24 నెలలతో భాగించి, "నెలకు 3,329 రూపాయలే నాన్నా, వడ్డీ లేదు" అన్నాడు. "లేదు" కింద రెండు గీతలు కూడా కొట్టాడు!

వాడు చెప్పింది నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేదంటూ ఇచ్చే నెలవాయిదాలు. అందులో వడ్డీ ఉండకపోవడమేమిటి? బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. ఆ మేరకు ధరలో ముందే తగ్గిస్తారంతే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మన నెత్తినే పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఇదంతా చెబితే వాడేమీ తడబడలేదు. "నీ ఫోన్‌కి రెండేళ్లకే అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, ఇది ఐదేళ్లు వాడతా" అన్నాడు. అక్కడ మాత్రం నా దగ్గర జవాబు లేదు.

కొత్త మోడల్ రాగానే పాత ఐఫోన్ 15 ధర పదివేలు తగ్గి 69,900 అయిందని తర్వాతి ఆదివారం ఇంకో కాగితం. నేను పాతిక వేల దగ్గరే ఆగాను, ఆ ధరలోనే వేరే ఫోన్ కొన్నాం. వాళ్లమ్మ రెండ్రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మొదటి కాగితం ఇంకా నా పర్సులోనే ఉంది. ఐఫోన్ వెనక గ్లాసు పగిలితే ఎంతవుతుందో మాత్రం అందులో ఎక్కడా రాయలేదు.