గెనిమ వేసిన వాళ్లను అడగండి

శ్రీహరికోట దీవిలో యానాదులు తరతరాలుగా అడవి దుంపలు, తేనె, పులికాట్ చేపల మీద బతికారు. 1960ల చివర్లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక వారిలో చాలామంది అక్కడి నుంచి కదలాల్సి వచ్చింది. 1971 అక్టోబర్ 9న అక్కడ తొలి రోహిణి రాకెట్ లేచింది. నేలను చిత్రాలు తీసే రిసోర్స్‌శాట్-1 2003లో, పటాల కోసమే తయారైన కార్టోశాట్-1 2005లో అక్కడి నుంచే వెళ్లాయి. ఆ తర్వాత అక్కడి నుంచి ఎగిరిన ఉపగ్రహాలకు నేడు ఒక యానాది కుటుంబం సాగు చేసుకునే అరెకరం కనబడుతోంది. ఆ అరెకరం ఎవరిదో చెప్పే అడంగల్‌లో మాత్రం ఆ కుటుంబం పేరు చాలాచోట్ల లేదు. శ్రీహరికోట తమదని గర్వంగా చెప్పుకునే తిరుపతి జిల్లా ఈ బాకీ తీర్చాలి. దానికి సరైన సమయం ఇదే.

రాష్ట్రంలో 2020 డిసెంబర్ 21న మొదలైన భూముల రీసర్వే వివాదాల మధ్య కొంతకాలం ఆగినా మళ్లీ సాగుతోంది. డ్రోన్లు, పొలంలో నిలిపి కొలిచే జీపీఎస్ పరికరాలైన రోవర్లు, వాటి కొలతను సరిదిద్దే కోర్స్ స్టేషన్ల సాయంతో హద్దును సెంటీమీటర్ల తేడాతో తేల్చవచ్చు. ఈ పనిని మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. కార్వేటినగరం, శ్రీకాళహస్తి జమీందారీల కింద ఉండి, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో రైత్వారీలోకి, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతిలోకి, వచ్చిన ఊళ్లలో పాత లెక్కలు ఎంత చిక్కుముడిగా ఉంటాయో ఆ ఊళ్ల రైతులకు బాగా తెలుసు. పొలం కొలతల పటమైన ఎఫ్ఎంబీ కాగితం చిరిగిపోయి, సర్వే రాయి కనబడక, ఒక్క గెనిమ (పొలం గట్టు) కోసం అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు ప్రతి మండలంలో ఉన్నాయి. మంచి పటం వస్తే వారికి ఊరట.

అయితే డ్రోన్‌కు గెనిమ కనిపిస్తుందే గానీ, రాళ్లు ఏరి, తుమ్మ కొట్టి, ఆ గెనిమ వేసింది ఎవరో కనిపించదు. అది మనుషులను అడిగి తెలుసుకోవాల్సిన విషయం. చెరువు పక్కన, వంక గట్టున, గుట్ట వాలులో యానాదులు, ఇరుళ్లు అనే మరో తెగవాళ్లు సాగు చేసుకునే కయ్యల్లో (మడుల్లో) చాలావాటికి పట్టా లేదు. కొందరి దగ్గర ప్రభుత్వ భూమిని పేదలకు ఇస్తూ రాసిన డీకేటీ పట్టా ఉంటుంది, ఆ భూమి ఎక్కడుందో మాత్రం ఎవరూ కొలిచి చూపలేదు. సర్వే జరిగే రోజు ఇంటిల్లిపాదీ నిమ్మతోట కాపలాకో, రొయ్యల గుంటల పనికో వెళ్లి ఉంటారు. సర్వేయర్ పక్కన నిలబడి హద్దు చూపేది పక్క పొలం ఆసామి. అక్కడే రాయి పడుతుంది, ఆ భూమి ముక్కకు కొత్త పటంలో ఎల్‌పీఎం నంబర్ వస్తుంది. నోటీసు గ్రామ సచివాలయం గోడ మీద ఉంటుంది. చదువు రాని మనిషి దాన్ని చూసినా చూడకపోయినా ఒకటే. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద తుది ప్రకటన వెలువడ్డాక ఆ హద్దును మార్చాలంటే సివిల్ కోర్టుకు వెళ్లాలి. రోజు కూలీ పోతే పొయ్యి వెలగని ఇంటిని కోర్టుకు వెళ్లమనడం న్యాయం కాదు.

ఈ ప్రాంతానికి ఇంకో లోటు ఉంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. పాడేరులోనో రంపచోడవరంలోనో గిరిజనుల భూమి ఇతరుల చేతిలోకి పోకుండా కాపాడే 1/70 చట్టం ఇక్కడి యానాదికి వర్తించదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో 5 లక్షలకు పైగా ఉన్న ఈ తెగలో ఎక్కువమంది ఇలాంటి మైదాన జిల్లాల వారే. వారికి రికార్డే రక్ష. శ్రీసిటీ చుట్టూ, ఏర్పేడు, రేణిగుంట వైపు సెంటు ధర ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు. రికార్డులో పేరు లేని నేల అక్కడ ఎన్నాళ్లు నిలుస్తుంది?

అటవీ భూముల సంగతి మరీ సున్నితం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజన కుటుంబం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఆ నేలపై ఉన్నట్టు చూపాలి. 'ఉపగ్రహ చిత్రంలో సాగు కనబడలేదు' అని దరఖాస్తు తిప్పికొట్టడం తేలిక. కానీ ఆ చిత్రం చూపగలిగేది ఎంత? రిసోర్స్‌శాట్-1లోని లిస్-3 కెమెరా తీసే చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 23.5 మీటర్ల చదరం, అంటే సుమారు 13.6 సెంట్లు. అరెకరం చేను నాలుగు చుక్కలు కూడా కాదు. అదే ఉపగ్రహంలో 5.8 మీటర్ల కెమెరా ఉన్న మాట నిజమే. అయినా వానకు ఒక్క కారు ఉలవలు చల్లి, మిగతా ఏడంతా బీడు పెట్టే నేలను ఎండాకాలంలో ఫొటో తీస్తే అడవి, బీడు తప్ప ఏం కనబడుతుంది? అందుకే 2012లో సవరించిన నిబంధనలు ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చని, వాటికి బదులుగా దాన్ని తీసుకోరాదని స్పష్టంగా చెప్పాయి. ఊరి పెద్దల మాట, పాత సమాధి, చేతితో తవ్విన బావి కూడా సాక్ష్యాలే. ఈ నిబంధనను అటవీ, రెవెన్యూ సిబ్బంది ప్రతి ఒక్కరూ చదివి ఉండాలి.

పటం గీసే పనిని ఆ ప్రజలకే అప్పగిస్తే ఏమవుతుందో చూపిన దేశం ఉంది. కెనడా ఉత్తరాన ఇన్యుట్ వేటగాళ్లు 1970ల్లో తాము జీవితమంతా ఎక్కడ వేటాడారో, ఎక్కడ చేపలు పట్టారో, ఎక్కడ గుడారం వేశారో పటాల మీద గుర్తించారు. అవి 1976లో అచ్చయ్యాయి. ప్రభుత్వంతో సాగిన చర్చలకు ఆధారమయ్యాయి. 1999 ఏప్రిల్ 1న నునావుట్ ఏర్పడింది. మన ఎస్టీ కాలనీల్లోని పిల్లల చేతుల్లో ఇప్పుడు ఫోన్ ఉంది, జీపీఎస్ ఉంది. తాత ముందు నడిచి వంక పేరు, గుట్ట పేరు, తన చేను మూలలు చెబుతుంటే మనవడు గుర్తించుకుంటూ పోగలడు. గ్రామసభ దాన్ని ఆమోదిస్తే దరఖాస్తుతో జతపరచవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఏ మందుమొక్క ఏ లోయలో ఉందో, తేనెపట్టు ఏ కొండచరియన ఉందో అందరూ చూసే పోర్టల్‌లో పెట్టకూడదు. యానాదుల వైద్యజ్ఞానం పెద్ద ఆస్తి. ఎర్రచందనం కోసం శేషాచలంలో ఎంత విధ్వంసం జరిగిందో చూసినవాళ్లం మనం. ఏది చూపాలో, ఏది దాచాలో వారే నిర్ణయించుకోవాలి.

గ్రామ సర్వేయర్ల మీద ఉన్న ఒత్తిడి మాకు తెలుసు. గడువులోగా ఇన్ని ఎకరాలు పూర్తి చేయాలన్న టెన్షన్‌లో వాళ్లు కాలనీ దాకా వెళ్లి కూర్చోలేకపోతున్నారు. ఆ గడువును సడలించాల్సింది కలెక్టర్లే. సర్వే తేదీని వారం ముందే కాలనీలో దండోరా వేయించాలి. ముసాయిదా పటాన్ని పెద్దగా అచ్చు వేయించి, పేర్లు తెలుగులో రాయించి కాలనీలోనే కట్టాలి, ఒకరు చదివి వినిపించాలి. పట్టా లేకపోయినా సాగులో ఉన్నవారి పేరు అనుభవదారు గడిలో రాయాలి. చూపించని డీకేటీ భూములను ఈ సర్వేలోనే కొలిచి అప్పగించాలి. పనికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి పొద్దు గూకుతుందనుకుంటే ఆ రాయి మర్నాడు పాతవచ్చు.