3.1 శాతం ఎందుకు పెరిగింది, ఎందుకు పడిపోయింది?

"2032లో భూమిని ఢీకొట్టే గ్రహశకలానికి నాసా ముందు 1 శాతం అవకాశం అంది, తర్వాత 3 శాతం అంది, జనం భయపడగానే సున్నా చేసేసింది. వాళ్లు దాచేస్తే మనకు తెలిసే దారే లేదు. చెల్యాబిన్స్క్ రాయినే చూడలేనివాళ్లు దీన్నేం చూస్తారు?" ఈ మెసేజ్ చాలామందికి చేరింది. పిల్లలు కూడా చదివి టెన్షన్ పడుతున్నారు, అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలనిపించింది.

"ముందు పెంచారు, తర్వాత సున్నా చేశారు." పెరిగిన మాట, తగ్గిన మాట నిజమే. మెసేజ్‌లో చెప్పిన గ్రహశకలం పేరు 2024 వైఆర్4. దాన్ని చిలీలోని అట్లాస్ టెలిస్కోపు 2024 డిసెంబర్ 27న కనిపెట్టింది. ఢీకొనే అవకాశం 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతానికి చేరి, వారం తిరిగేలోపే 0.004 శాతానికి పడిపోయింది. ఈ మధ్యలో రాయి దారి మారలేదు, దాని గురించి మనకు తెలిసింది పెరిగింది. కొన్ని రాత్రుల పరిశీలనతో లెక్క కడితే, ఎనిమిదేళ్ల తర్వాత ఆ రాయి ఒక పొడవాటి పట్టీలో ఎక్కడో ఒకచోట ఉంటుందని మాత్రమే చెప్పగలం. ఆ పట్టీ పొడవు 12,74,000 కిలోమీటర్లు అనుకుందాం. అందులో భూమి ఆక్రమించేది సుమారు 12,740 కిలోమీటర్లు, అంటే 1 శాతం. ఇంకొన్ని రాత్రులు చూశాక పట్టీ మూడో వంతుకు తగ్గిందనుకోండి. భూమి ఇంకా అందులోనే ఉంటే అవకాశం 3 శాతం అవుతుంది. ఇంకా తగ్గి, పట్టీ కొస భూమిని వదిలేసిన రోజున అంకె ఒక్కసారిగా కూలుతుంది. భూమిని తప్పించుకుపోయే రాయి విషయంలోనూ అంకె ముందు పెరగడం మామూలే. 2004 డిసెంబర్‌లో అపోఫిస్ అనే గ్రహశకలానికి ఇలాగే 2.7 శాతం దాకా వెళ్లింది. అదే ఏడాది మార్చిలో తీసిన పాత ఫోటోల్లో అది కనబడటంతో 2029లో అది ఢీకొంటుందన్న భయం తీరిపోయింది.

"దాచేస్తే తెలిసే దారి లేదు." ఇది పూర్తిగా తప్పు. ప్రపంచంలో ఏ టెలిస్కోపు కొలిచినా ఆ కొలతలు గ్రహశకలాల వివరాలు సేకరించే మైనర్ ప్లానెట్ సెంటర్‌కు చేరతాయి, అక్కడి నుంచి ఎవరైనా తీసుకోవచ్చు. నాసాతో పాటు ఐరోపా అంతరిక్ష సంస్థ, ఇటలీలో గ్రహశకలాల దారులు లెక్కగట్టే నియోడిస్ ఎవరి లెక్క వాళ్లే కడతాయి. సొంత టెలిస్కోపు ఉన్న ఔత్సాహికులు కూడా కొలతలు పంపుతుంటారు.

"చెల్యాబిన్స్క్ రాయినే చూడలేదు." ఈ మాట మాత్రం ఒప్పుకోవాలి. 2013 ఫిబ్రవరి 15న దాదాపు 20 మీటర్ల ఆ రాయి సూర్యుడున్న వైపు నుంచి వచ్చి, రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరం దగ్గర గాలిలో పేలింది. ఆ దిక్కున నేల మీది టెలిస్కోపులకు ఏమీ కనబడదు. పగిలిన కిటికీ అద్దాలతోనే ఎక్కువమంది గాయపడ్డారు. ఈ లోటు పూడ్చడానికే నియో సర్వేయర్ అనే, రాళ్ల వేడిని పసిగట్టే పరారుణ టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపడానికి సిద్ధం చేస్తున్నారు.

కానీ ఒకటి కనబడలేదని ఏదీ కనబడదనడం సరికాదు. 2008 టీసీ3 సుమారు 4 మీటర్ల రాయి. 2008 అక్టోబర్ 6న దాన్ని చూశారు, సూడాన్ మీద పడుతుందని చెప్పారు, మర్నాడు అక్కడే గాలిలో పేలింది. తర్వాత ఖార్టూమ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు నూబియన్ ఎడారిలో నడిచి వెతికితే, లెక్క గీసిన దారి వెంబడే దాని ముక్కలు దొరికాయి.