వేప్‌కి వాసన రాదంటున్న ఆ మెసేజ్‌లో నిజమెంత?

వేప్ అంటే ఆకునో నూనెనో కాల్చకుండా వేడి చేసి ఆవిరిగా పీల్పించే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం. దాని మీద కొద్ది రోజులుగా మా నల్లగొండ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇది: "గంజాయిని చుట్టి కాలిస్తేనే వాసన. వేప్‌లో పీలిస్తే వాసనే రాదు. వచ్చినా అయిదు నిమిషాల్లో పోతుంది. కూలర్ ఆన్ చేసి రెండు ఊదుబత్తులు వెలిగిస్తే పక్క గదివాడికి కూడా తెలియదు. పొగ లేదు కాబట్టి హాని లేదు. అది లిక్విడ్, ఆకు కాదు కాబట్టి గంజాయి కేసు కాదు. టెస్టులోనూ దొరకదు." కింద "మన బ్యాచ్‌కి షేర్ చేయండి" అని ఒక ముక్తాయింపు.

చదువుకునే అబ్బాయిలకు గదులు అద్దెకిచ్చేవాణ్ణి నేను. ఈ వాసనలతో నాకు రోజూ పనే. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూస్తాను.

"వేప్‌లో వాసనే రాదు." తక్కువ వస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే. ఎందుకు తక్కువో తెలిస్తే, అసలు రాదన్న మాట ఎంత తప్పో కూడా తెలుస్తుంది. గంజాయి వాసనకు మూలం ఆ మొక్క పూతలోని జిగురులోనే ఉంది. అందులో టెర్పీన్లనే సుగంధ తైలాలు ఉంటాయి. మన బత్తాయి తొక్క గిల్లితే చిమ్మే లిమోనిన్ వాటిలో ఒకటి. మామిడిలో ఉండే మిర్సీన్, మిరియాల ఘాటులో ఉండే కారియోఫిలిన్ కూడా అందులో ఉన్నాయి. ముక్కుపుటాలు అదిరే ఆ అసలు గబ్బు మాత్రం వీటిది కాదు. వెల్లుల్లి కంపు కోవకు చెందిన గంధక పదార్థాలు దానికి కారణమని 2021లో అమెరికాలో పరిశోధకులు తేల్చారు. ఇవి చాలా కొద్దిగా ఉన్నా ముక్కు పసిగడుతుంది. అందుకే అగ్గిపుల్ల గీయకముందే, పొట్లం విప్పగానే వాసన కొడుతుంది. దాన్ని వేప్ ఎలా ఆపుతుంది?

ఇక కాల్చినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. దమ్ము లాగినప్పుడు నిప్పు కొన దగ్గర వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి ఆకు, కాగితం కాలి తారు, ఫినాల్స్ లాంటి వందల కొత్త పదార్థాలు పుడతాయి. బట్టలకు, జుట్టుకు పట్టేది ఆ కాలిన వాసనే. పైగా పీల్చినా పీల్చకపోయినా చేతిలో ఉన్నంతసేపూ అది కాలుతూనే ఉంటుంది, పొగ వస్తూనే ఉంటుంది. వేప్ పరికరం ఆకును దాదాపు 160 నుంచి 220 డిగ్రీల మధ్య వేడి చేస్తుంది, కాల్చదు. నోట్లోంచి వదిలినప్పుడే ఆవిరి బయటికొస్తుంది. కాబట్టి కాలిన కంపు ఉండదు, మొత్తం వాసన కూడా తక్కువే. కానీ టెర్పీన్లు ఎగిరిపోయేది సరిగ్గా ఆ వేడి దగ్గరే కదా. ఎండు ఆకు వేసే వేప్‌లో వేయించిన మొక్కజొన్నకూ పచ్చి ఆకుకూ మధ్యస్థంగా ఒక వాసన వస్తుంది. గంజాయి నూనె నింపి అమ్మే చిన్న గొట్టం, అంటే కార్ట్రిడ్జ్ అయితే ఇంకా తక్కువ. నూనె తీసేటప్పుడే సహజమైన వాసనలు చాలావరకు పోతాయి, ఆ తర్వాత ఏదో ఒక పండు ఫ్లేవర్ కలుపుతారు. మా దగ్గర ఒకబ్బాయి "అన్నా, అది స్ట్రాబెర్రీ ఫ్లేవర్, ఏం కాదన్నా" అన్నాడు. మగపిల్లల హాస్టల్లో, విడిచిన సాక్సుల మధ్య, రాత్రి పదకొండింటికి స్ట్రాబెర్రీ వాసన వస్తే ఎవరికైనా అనుమానం రాదా?

"అయిదు నిమిషాల్లో పోతుంది." పోయేది వాసన కాదు, దాన్ని పట్టే శక్తి. ఒకే వాసనలో కొద్దిసేపు ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మిర్యాలగూడ రైస్‌మిల్లులో పనిచేసేవాళ్లను అడగండి, ఉప్పుడు బియ్యం నానబెట్టిన వాసన వాళ్లకు అసలు తెలియదు. హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టం మాత్రం ఊరి పొలిమేరలోనే ముక్కు మూసుకుంటాడు. గదిలో పీల్చినవాడు "పోయింది" అంటే దానికి విలువ లేదు, బయటి నుంచి తలుపు తీసుకుని వచ్చినవాణ్ణి అడగాలి. గాలి బాగా ఆడే చోట వేప్ వాసన కాల్చిన వాసనకంటే చాలా త్వరగా పలచబడుతుందన్నది నిజం. మూసిన గదిలో ఆ లెక్క పనిచేయదు.

"కూలర్ ఆన్ చేస్తే చాలు." ఇది రాసినవాడు కూలర్ పక్కన పడుకున్నాడే గానీ అదెలా పనిచేస్తుందో చూడలేదు. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, ప్రతి కిటికీకీ ఒక కూలర్ ఉంటుంది. కూలర్ బయటి గాలిని తడి గడ్డి గుండా లాగి గదిలోకి నెడుతుంది. నెట్టిన గాలి ఎటో పోవాలి. అవతలివైపు కిటికీ మూసి ఉంటే తలుపు కింది సందులోంచి వరండాలోకి పోతుంది. అంటే గదిలోని వాసనను ఎత్తుకెళ్లి వార్డెన్ కుర్చీ దగ్గర పోసేది ఆ కూలరే. తడి గడ్డి వాసనను పట్టుకుంటుందనుకోవడం కూడా భ్రమే, ఈ తైలాలు నీళ్లలో సరిగా కరగవు.

ఊదుబత్తి, సాంబ్రాణి, స్ప్రే గురించి ఒక్క ముక్క. అవి వాసనను తీయవు, దానిమీద ఇంకో వాసన వేస్తాయి. ఊదుబత్తి అయితే అదనంగా పొగ కూడా ఇస్తుంది.

మరి గదికి పట్టిన వాసన పోయే దారి లేదా అంటే, ఉంది. అది దాచేవాడికి కాదు, ఖాళీ అయిన గదిని మళ్లీ అద్దెకివ్వాల్సిన నాలాంటివాడికి పనికొస్తుంది. సిగరెట్లు, గంజాయి కాల్చిన గదిలో ఫ్యాన్ రెక్కల మీద వేలు పెడితే పసుపుపచ్చ జిగురు అంటుతుంది. అదే తారు. గోడల్లో, పరుపులో చేరి నెలల తరబడి మెల్లగా వాసన వదులుతూ ఉంటుంది. వేప్ గదిలో రంగు లేని పలుచటి నూనెపొర ఉంటుంది, కిటికీ అద్దం మీద బట్టతో తుడిస్తే తెలుస్తుంది. గోడల మీద నేరుగా రంగు వేయించబోతే మా పెయింటర్ ఒప్పుకోలేదు. "ముందు సర్ఫు నీళ్లతో కడగాలె సార్, లేకుంటే ముసురు పట్టంగనే మళ్ల వాసనొస్తది, పసుపు మరకలు కూడా పైకొస్తయి" అన్నాడు. అతను చెప్పిందే నిజం. కడిగి, ఆరనిచ్చి, ప్రైమర్ కొట్టి, ఆ తర్వాతే రంగు. కర్టెన్లు ఉతకాలి, పరుపు ఎండలో పడేయాలి, ఎదురెదురు కిటికీలు తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిప్పాలి. ఎయిర్ ప్యూరిఫయర్ కొనేవాళ్లకో మాట: హెపా ఫిల్టర్ పట్టేది ధూళిని, పొగ రేణువులను. వాసన వాయువు రూపంలో ఉంటుంది, దాన్ని పట్టాలంటే యాక్టివేటెడ్ కార్బన్ పొర కావాలి. అదీ కొన్నాళ్లకు నిండిపోతుంది, మార్చాలి. పొయ్యిలోని బొగ్గులు గిన్నెలో పెడితే అదే పని చేస్తాయనుకోకండి.

"పొగ లేదు, హాని లేదు." కాలడం లేదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ తక్కువ. అక్కడితో ఆపితే సరే. కానీ 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు, గంజాయి అరుదుగా వాడే 17 మందికి ఒకే మోతాదును ఒకసారి కాల్చి, ఒకసారి వేప్ చేసి ఇచ్చి చూశారు. వేప్ చేసినప్పుడే రక్తంలో మత్తు పదార్థం ఎక్కువగా చేరింది, తడబాటూ ఎక్కువైంది. ఆ తర్వాతి ఏడాది అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు వరసగా బయటపడ్డాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువమంది వాడింది గంజాయి నూనె కార్ట్రిడ్జ్‌లే. నూనె చిక్కగా కనబడాలని దొంగచాటుగా కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ ప్రధాన కారణమని తేలింది. ఇక్కడ బ్యాగులో దాచి అమ్మేవాడి కార్ట్రిడ్జ్‌లో ఏముందో అమ్మేవాడికే తెలియదు.

"లిక్విడ్ కాబట్టి కేసు కాదు." అన్నిటికంటే ప్రమాదకరమైన అబద్ధం ఇదే. మాదకద్రవ్యాలపై 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో చరస్ (గంజాయి మొక్క జిగురు) నిర్వచనంలోనే హాష్ ఆయిల్ (ఆ జిగురు నుంచి తీసిన నూనె) పేరు పెట్టి రాసి ఉంది. నిజానికి నూనెతో చిక్కు ఇంకా ఎక్కువ. గంజాయికి కిలో వరకు, శిక్ష తక్కువగా ఉండే 'చిన్న పరిమాణం' అయితే, చరస్‌కూ హాష్ ఆయిల్‌కూ అది 100 గ్రాములే. ఇంకేదైనా కలిపి ఉంటే మొత్తం తూకమూ లెక్కలోకే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న పరిమాణానికే ఏడాది దాకా కఠిన జైలు పడొచ్చు. పరికరం సంగతి వేరే: ఈ-సిగరెట్ల అమ్మకం, దిగుమతి, నిల్వ 2019 చట్టంతోనే నిషిద్ధం. నికోటిన్ ఉన్నా లేకున్నా, ఏ పదార్థాన్నైనా వేడి చేసి పీల్పించే ఎలక్ట్రానిక్ పరికరం దాని కిందికే వస్తుంది.

గదులు అద్దెకిచ్చేవాళ్లు ఇంకో సెక్షన్ గుర్తుంచుకోవాలి. తెలిసి కూడా తన ఇంట్లో ఇలాంటి నేరం జరగనిస్తే, ఎన్‌డీపీఎస్ 25వ సెక్షన్ ప్రకారం ఆ నేరానికున్న శిక్షే యజమానికీ పడుతుంది. "పిల్లలు కదా, పోనీలే" అని ఊరుకునేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు నుంచి హైదరాబాద్ వెళ్లే సరుకు పట్టుబడిందన్న వార్తలు మా జిల్లా పేజీల్లో కొత్తేమీ కాదు. మా జిల్లా మీదుగా హైదరాబాద్ వెళ్లే హైవే మీద పోలీసుల కళ్లు ఎప్పుడూ ఉంటాయి.

"టెస్టులో దొరకదు." దొరుకుతుంది. కాల్చినా, వేప్ చేసినా, తిన్నా శరీరం దాన్ని ఒకే పదార్థంగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. కిట్ వెతికేది దాన్నే. అప్పుడప్పుడూ వాడేవాళ్లలో కొన్ని రోజులు, రోజూ వాడేవాళ్లలో వారాల తరబడి కనబడుతుంది.

ఆ మెసేజ్ చెప్పని సంగతి ఒకటుంది. అదే చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వాడినందుకో కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకో కేసులో ఇరుక్కున్న అలవాటుపడ్డ మనిషి, తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స తీసుకుని పూర్తి చేస్తే శిక్ష నుంచి రక్షణ ఉంది. చికిత్స ఎక్కడ దొరుకుతుందో 14446కి ఫోన్ చేస్తే చెబుతారు, డబ్బులు పడవు. టెన్షన్‌గా ఉండి ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. షేర్ చేయాలనుకునే బ్యాచ్‌లు ఈ రెండు నంబర్లు షేర్ చేసుకోండి.