గుణింతం కంఠతా వచ్చు, చదవడం మాత్రం రాదు

రెండో తరగతి పిల్లాడు క గుణింతం గడగడా అప్పజెప్పేస్తాడు, కానీ మధ్యలో 'కె' మీద వేలుపెట్టి ఇదేంట్రా అంటే మళ్ళీ 'క' దగ్గర్నుంచి పాడుకుంటూ వస్తే తప్ప చెప్పలేడు. ఇంట్లో శ్రద్ధ లేదంటారు, స్కూల్లో ఇంకో పదిసార్లు కాపీ రాయమంటారు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఇబ్బంది మాటలోని శబ్దాల్ని విడగొట్టడం దగ్గరే ఉంటుంది. చెవులు బాగానే వినపడతాయి (అయినా వినికిడి, చూపు ముందే టెస్ట్ చేయించండి), విన్న మాటని ముక్కలు చేయడమే రాదు.

'కమల'కి మూడు చప్పట్లు కొట్టడం తేలికే, కానీ 'కి'లో క్, ఇ అని రెండు శబ్దాలున్నాయని పట్టుకోవడం చిన్నపిల్లలకి చాలా కష్టం. 1974లో అమెరికాలో ఇసబెల్ లిబర్‌మన్ అనే పరిశోధకురాలి బృందం పిల్లలతో బల్ల మీద ఇలాగే తట్టించి చూసింది. నాలుగేళ్ళవాళ్ళలో దాదాపు సగంమంది మొదటిది చేశారు, రెండోది ఒక్కరికీ రాలేదు.

తెలుగులో మొదటిదానితోనే, అంటే మాటని అక్షరాలుగా విడగొట్టడంతోనే, కొంతదూరం నెట్టుకురావచ్చు, గుణింతాలూ వత్తులూ వచ్చేసరికి ఇరుక్కుంటారు, 'పుస్తకం' కాస్తా 'పుసకం' అయిపోతుంది. ఇంగ్లిష్ మీడియంలో ఆ వెసులుబాటు కూడా లేదు, 'క్యాట్' చదవాలంటే మొదటి రోజు నుంచే విడి శబ్దాలు తెలియాలి, పైగా ఇంట్లో వినని భాష, అందుకే అక్కడ బట్టీ పట్టేస్తారు. 'రథం'ని 'రధం' అని రాస్తే మాత్రం దీనికింద లెక్కేయొద్దు, పలకడంలోనే మనం ఆ తేడా పెద్దగా చూపించం, పెద్దవాళ్ళూ తప్పు రాస్తారు.

అందుకని అంగన్‌వాడీలో, ఒకటో తరగతిలో రోజూ ఓ పది నిమిషాలు పలక పక్కనపెట్టి నోటితో ఆడించాలి. 'కమల'లో క తీసేస్తే ఏమొస్తుంది? 'మాట'లో మా బదులు పా పెడితే? మనం చిన్నప్పుడు మాట్లాడుకున్న క భాష కూడా ఇదే పని, ప్రతి అక్షరం ముందు క పెట్టాలంటే మాటని విడగొట్టక తప్పదు. ఆ తర్వాత గుణింతం, అదీ వరసగా కాదు, 'మ'కి గుడిస్తే ఏంటి, 'ల'కి కొమ్మిస్తే ఏంటి అని కలిపేసి అడగాలి, అక్షరం చూపిస్తూ అడిగితే ఇంకా మంచిది. 1983లో ఇంగ్లండ్‌లో బ్రాడ్లీ, బ్రయంట్ చేసిన పరిశోధనలో శబ్దాల ఆటలకి అక్షరాలు కూడా జోడించి నేర్పిన పిల్లలే చదువులో బాగా ముందుకెళ్ళారు.

ఇంత చేసినా కదలకపోతే ఇబ్బంది ఎక్కడుందో తేల్చే అసెస్‌మెంట్ చేయించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా (చదవడం నేర్చుకోవడంలో ఇబ్బంది) లాంటి లెర్నింగ్ డిసెబిలిటీలు కూడా ఉన్నాయి. కాకపోతే ఇంగ్లిష్‌లో ఒక్కటే టెస్ట్ చేస్తే ఆ భాష రాకపోవడమూ శబ్దాలు పట్టలేకపోవడమూ ఒకేలా కనపడతాయి, తెలుగులో కూడా చేయమని గట్టిగా అడగండి.