శాంతికి షుగర్ ఉందా?

పిల్లుల సంరక్షణ కేంద్రంలో వెటర్నరీ డాక్టర్నని చెప్పగానే అవతలి వాళ్ల మొహం వెలిగిపోతుంది. "అబ్బ, రోజంతా పిల్లిపిల్లలతో ఆడుకుంటూ కూర్చోవచ్చన్నమాట!" అంటారు. అవునన్నట్టు నవ్వేసి ఊరుకుంటాను. చొక్కా చేతులు మాత్రం మడవను. మోచేతుల దాకా ఉన్న గీతలు చూపించి ఒకరి ఆనందం పాడుచేయడం దేనికి?

పిల్లికి ముందు పాదాలకు ఐదేసి, వెనక పాదాలకు నాలుగేసి, వెరసి 18 గోళ్లు. చదువుకునే రోజుల్లో ఇదో ఒక మార్కు ప్రశ్న. ఇప్పుడు ఆ పద్దెనిమిదీ కలిసి నాకు రోజూ పరీక్ష పెడుతున్నాయి.

మా కేంద్రంలో పేర్లు పెట్టే హక్కు అటెండరు బాబాయిది. ఆ విషయంలో ఆయనకో సిద్ధాంతం ఉంది. ఏ పిల్లికి ఏ గుణం లేదో ఆ గుణమే పేరుగా పెట్టాలి. "పిలవగా పిలవగా అదే అబ్బుతుంది డాక్టర్ గారూ" అంటాడు. అందుకే మా దగ్గర రోజుకు ఇరవై గంటలు పడుకునే పిల్లి పేరు చురుకు. తన గిన్నె ఖాళీ చేసి పక్కదాని గిన్నెలో మూతి పెట్టేది తృప్తి. ఇక శాంతి సంగతి మీరు ఊహించుకోవచ్చు.

శాంతిది తెలుపు, నలుపు, నారింజ కలిసిన ఒళ్లు. అది బుట్టలోంచి తల బయటపెట్టగానే "ఆడపిల్ల" అని తేల్చేశాడు బాబాయి. మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే. నారింజ రంగునిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటం వల్ల, ఆ రంగూ నలుపూ రెండూ కనపడాలంటే మామూలుగా రెండు ఎక్స్‌లు కావాలి. ఆ జన్యువు ఏదో శాస్త్రవేత్తలు 2025లో గానీ తేల్చి ప్రచురించలేదు. బాబాయి వాళ్ల కోసం ఆగలేదు.

ఈ శాంతిని చూడ్డానికి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఒక పాప, ఒక మామ్మగారు. నలుగురూ బోనుల వరసంతా తిరిగి, ఒళ్లో ఎక్కి కూర్చునే పిల్లుల్ని, చేతులు నాకే పిల్లుల్ని అన్నింటినీ దాటుకుని వచ్చి, మూలన కూర్చుని బుస కొడుతున్న శాంతి దగ్గర ఆగారు. "ఇదే కావాలి" అంది పాప. "దీనికి వ్యక్తిత్వం ఉంది" అన్నారు మామ్మగారు. ఉంది. చాలా ఉంది.

పంపే ముందు రక్తపరీక్ష చేయడం మా నియమం. వైరస్ పరీక్షలన్నీ బాగానే వచ్చాయి గానీ, రక్తంలో చక్కెర 300 దాటింది. మనుషులకైతే ఈపాటికి మందుల చీటీ చేతిలో పడేది. పిల్లుల లెక్క వేరు. భయపడితే చాలు, కోపం వచ్చినా చాలు, వాటి చక్కెర చూస్తుండగానే ఎగబాకుతుంది. ఆ రక్తం తీయడానికి శాంతిని ముగ్గురం పట్టుకోవాల్సి వచ్చింది. అయ్యాక మా ముగ్గురికీ పరీక్ష చేసినా అంతే వచ్చేదేమో.

ఇది భయమా, నిజంగా షుగరా అన్నది తేలాలంటే యూరిన్ చూడాలి. రక్తంలో చక్కెర ఎక్కువసేపు అలాగే నిలిచి ఉంటే కిడ్నీలు ఆపలేక కిందికి వదిలేస్తాయి. కాసేపటి కంగారుకైతే చాలావరకు అక్కడిదాకా రాదు. ఫ్రక్టోసమీన్ అని ఇంకో పరీక్ష కూడా ఉంది. గడిచిన ఒకటి రెండు వారాల భాగోతం మొత్తం చెప్పేస్తుంది. కానీ దానికి మళ్లీ రక్తం తీయాలి. ఆ మాట వినగానే బాబాయి సెలవు చీటీ రాయడానికి పెన్ను వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

సరే, యూరినే. ట్రేలో మామూలు ఇసుక తీసేసి, తడి పీల్చని ప్లాస్టిక్ పూసలు పోశాం. పిల్లి వచ్చి తన పని తను చేసుకుంటే, మనం వెళ్లి సిరంజితో పైకి లాగేసుకోవడమే. పుస్తకంలో ఇంతే ఉంటుంది.

శాంతి ట్రే దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. ఒక పూసను పాదంతో బయటికి దొర్లించి, అది గది చివరిదాకా పోయేవరకు చూసింది. తర్వాత ఇంకొకటి. ట్రే సగం ఖాళీ అయ్యాక అందులోనే చుట్ట చుట్టుకుని పడుకుంది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. అది ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. ఇద్దరిలో ఎవరికి ఓపిక ఎక్కువో ఆ చూపులోనే తేలిపోయింది. పక్క బోనులో తృప్తి మాత్రం, ఎవరూ అడక్కపోయినా, పెట్టిన ట్రే పెట్టినట్టే నింపుతోంది.

మర్నాడు పొద్దున శాంతి పొట్ట తడిమి చూస్తే బ్లాడర్ నిమ్మకాయంత అయ్యి గట్టిగా తగిలింది. ప్రాణం లేచొచ్చింది. బ్లాడర్ అలా నిండి ఉంటే పొట్ట మీద నుంచి సన్నటి సూదితో నేరుగా తీసేయొచ్చు. చెప్పుకోవడానికి భయంకరంగా ఉంటుంది గానీ, చాలా పిల్లులు పట్టించుకోనే పట్టించుకోవు. బయట హాల్లో ఆ కుటుంబం కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వచ్చి కూర్చుంది. ముందు గుండె చూసి, తర్వాత సూది, తర్వాత సంతకాలు. పావుగంట పని.

స్టెతస్కోపు పెట్టగానే శాంతి గుర్రుగుర్రుమనడం మొదలుపెట్టింది. పిల్లి గుర్రుమంటే సంతోషంగా ఉందని అందరూ అనుకుంటారు. భయమేసినా, నొప్పిగా ఉన్నా కూడా గుర్రుమంటాయి. డాక్టరు చెవులు పనిచేయకూడదని గుర్రుమనే పిల్లి మాత్రం నాకు తెలిసి ఇదొక్కటే. నిమిషానికి 140 నుంచి 220 సార్లు కొట్టుకునే గుండె, ఆ మోతలో ఒక్క దెబ్బా వినపడలేదు. దీనికి మా వృత్తిలో ఒక పాత చిట్కా ఉంది. కుళాయి తిప్పితే నీళ్ల చప్పుడుకి చాలా పిల్లులు ఠక్కున గుర్రు ఆపేస్తాయి. తిప్పాను. ఆపేసింది. నాలుగు దెబ్బలు లెక్కపెట్టానో లేదో, శాంతి బల్ల మీద లేదు.

ఇక్కడ ఏసీ మెకానిక్ గురించి చెప్పాలి. క్రితం రోజు పైపు బాగుచేయడానికి వచ్చి, మందుల బీరువా పైనున్న ఫాల్స్ సీలింగ్ పలక తీసి, "రేపొచ్చి పెట్టేస్తా సార్" అని వెళ్లాడు. ఆ ఖాళీ నా కంటికి ఆనలేదు, బాబాయి కంటికీ ఆనలేదు. శాంతి పొద్దుటి నుంచీ దాన్నే చూస్తున్నట్టుంది. బల్ల మీంచి బీరువా, బీరువా మీంచి చీకటి. తోక చివర ఒక్క క్షణం కనపడి మాయమైంది.

"ఎవరూ అరవకండి, ఎవరూ వెంటపడకండి. బుట్ట కింద పెట్టి, లైటు తీసేసి, అందరూ బయటికి వెళ్లిపోండి. అదే దిగుతుంది" అన్నాను. గదిలో పెట్టి కొడితే పిల్లైనా పులవుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. నా మాట పూర్తయ్యేలోపు గదిలోకి ఆరుగురు వచ్చారు. ఒకరు నిచ్చెన, ఒకరు టార్చి, ఒకరు దుప్పటి, ఒకరు చీపురు. చీపురు ఎందుకని అడిగితే ఆవిడకీ తెలియదు.

బాబాయి, పిల్లుల చర్మం కింద ఉండే గుర్తింపు మైక్రోచిప్‌ను చదివే స్కానర్ పట్టుకొచ్చి, నిచ్చెనెక్కి సీలింగ్ పొడవునా తిప్పడం మొదలుపెట్టాడు.

"అది ఎక్కడుందో చెప్పదు బాబాయ్. బియ్యపు గింజంత చిప్పు, బ్యాటరీ కూడా ఉండదు. జానెడు దూరంలో పెడితే పదిహేను అంకెల నంబరు చూపిస్తుంది, అంతే."

బాబాయి కాసేపు ఆలోచించాడు. "నంబరుంటే ఫోన్ చేయొచ్చుగా డాక్టర్ గారూ?"

ఇంతలో ఎవరికో తిండి డబ్బా మూత చప్పుడు చేస్తే వస్తుందని తట్టింది. టక్కుమని మూత లాగారు. శాంతి రాలేదు. మిగతా పిల్లులన్నీ వార్డుల్లోంచి ఒక్కసారిగా గోల ఎత్తుకున్నాయి. చురుకు కూడా లేచి కూర్చుంది.

సీలింగ్ పలకలు కిర్రుమంటూ ఉంటే శాంతి ఎటు పోతోందో తెలుస్తోంది. మా గది దాటింది, వరండా దాటింది, హాల్లోకి వెళ్లింది. మేమంతా తలలు పైకెత్తుకుని, ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ కింద నుంచి దాని వెనకే నడిచాం. హాల్లో ఆ నలుగురూ కూడా అప్పటికే పైకి చూస్తున్నారు.

"పైన ఎలుకలున్నాయా అండీ?" అడిగాడాయన.

కౌంటర్లో అమ్మాయికి మా కేంద్రం పరువు గుర్తొచ్చింది. "ఛఛ, ఇక్కడ ఎలుకలెందుకు ఉంటాయండీ! అది మీ పిల్లే."

సరిగ్గా అప్పుడు అడుగుల చప్పుడు ఆగింది. ఒక రోజు పైగా బిగబట్టుకున్న బ్లాడరు. చుట్టూ చీకటి, కాళ్ల కింద మెత్తటి దుమ్ము, చూసేవాళ్లు ఎవరూ లేరు. పిల్లి కోరుకునే మరుగుదొడ్డి అంటే అదే. లైటు బిగించిన చోట అంచు వెంబడి ఒక చుక్క వేలాడింది. కింద పడింది. ఇంకో చుక్క. ఆ తర్వాత ధార.

కుర్చీల్లో ఉన్నవాళ్లు చటుక్కున వెనక్కి లేచారు. నేను చేతికందిన కిడ్నీ ట్రే లాక్కుని ముందుకు దూకాను. మోకాళ్ల మీద కూర్చుని, ట్రేని అటూ ఇటూ జరుపుతూ, చుక్క కింద పడనివ్వకుండా పట్టాను. "దొరికింది! దొరికింది!" అని కేక కూడా పెట్టానట. అది నాకు గుర్తులేదు గానీ, సాక్షులు చాలామంది ఉన్నారు.

"పిల్లా?" అంది పాప ఆశగా.

"యూరిన్!"

వాళ్లమ్మ పాపను కొంచెం దగ్గరికి లాక్కుంది.

సీలింగ్ దుమ్ములోంచి వచ్చింది కాబట్టి దాన్ని కల్చర్‌కు పంపలేం, ఇన్ఫెక్షన్ ఉందో లేదో చెప్పలేం. చక్కెర మాత్రం చూసుకోవచ్చు. ఒక్కటే భయం. బ్లీచింగ్ లాంటిది తగిలిన చోటైతే, చక్కెర లేకపోయినా స్ట్రిప్ ఉన్నట్టు చూపిస్తుంది. కట్టిన దగ్గర్నుంచీ ఆ సీలింగ్ పైభాగాన్ని ఎవరూ తుడిచిన పాపాన పోలేదు కాబట్టి ఆ భయం అక్కర్లేదన్నాడు బాబాయి. ఆయన బద్ధకం వైద్యశాస్త్రానికి పనికొచ్చిన సందర్భం అది. స్ట్రిప్ ముంచి, అర నిమిషం గడియారం చూశాను. చక్కెర గడి రంగు మారలేదు. ఇంకోటి ముంచాను. అదీ మారలేదు.

స్ట్రిప్ చేత్తో పైకెత్తి పట్టుకుని హాల్లోకి వచ్చాను. "షుగర్ లేదండీ!"

"సంతోషం. పిల్లి కూడా లేదు కదండీ" అన్నాడాయన, పైకి చూస్తూ.

అప్పటిదాకా మాట్లాడని మామ్మగారు లేచారు. చీపురావిడ చేతిలోంచి చీపురు తీసుకుని మూలన పెట్టారు. "అందరూ బయటికి నడవండి. ఇంతమంది చేరి కేకలు పెడుతుంటే నేనైనా దిగను" అన్నారు. ఆరుగురూ మారు మాట్లాడకుండా నడిచారు, నిచ్చెనతో సహా. మొదట నేను చెప్పింది అక్షరాలా ఇదే. ఏళ్ల తరబడి చదివి చెబితే ఒక్కరూ వినలేదు. ఆవిడ నా గదిలోకి వెళ్లి, లైటు తీసేసి, శాంతి దుప్పటి పరిచిన బుట్ట పక్కనే కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకున్నారు. నేను తలుపు సందులోంచి చూడబోతే కళ్లు తెరవకుండానే "మీరు కూడా" అన్నారు.

కాసేపటికి తలుపు తీసి చూస్తే, ఆవిడ కునుకు తీస్తున్నారు. శాంతి బుట్టలో కూర్చుని, ఒంటి నిండా బూజుతో, వెనక కాలు నిటారుగా పైకెత్తి తీరిగ్గా నాక్కుంటోంది. గుర్రుమంటోంది కూడా. గుండె సంగతి ఇక అడగదలచుకోలేదు గానీ, నియమం నియమమే. ఈసారి మామ్మగారి చేయి దాని తల మీద ఉండగా లెక్కపెట్టాను. బాగానే ఉంది.

దత్తత కాగితంలో డాక్టరు నింపాల్సిన గడి ఒకటి ఉంటుంది, "స్వభావం" అని. పెన్ను పట్టుకుని ఆలోచిస్తుంటే బాబాయి భుజం మీంచి తొంగి చూసి "శాంతం అని రాసేయండి, వచ్చేస్తుంది" అన్నాడు. నేను "ఎత్తులంటే ఇష్టం" అని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు. మామ్మగారు కళ్లజోడు పెట్టుకుని చదివి, వాళ్లబ్బాయి చేత సంతకం పెట్టించారు.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. ఖాళీలో పలక బిగించాడు. వెళుతూ వెళుతూ హాల్లో సీలింగ్ మీద పసుపుపచ్చ మరక చూసి ఆగాడు. నిచ్చెన వేసుకుని ఎక్కి, వేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని అనుభవం మీద తల పంకించాడు.

"ఏసీ నీళ్లే సార్, పైపు లీకవుతోంది. ఈ వాసన చూస్తే గ్యాస్ కూడా పోతున్నట్టుంది. చెక్ చేయాలి."

బాబాయి తిండి గిన్నెలు కడుగుతూ తల ఎత్తకుండానే అన్నాడు: "గ్యాస్ సంగతేమో గానీ, షుగర్ మాత్రం లేదయ్యా. నిన్ననే టెస్ట్ చేశాం."