మన ఊరి పేజీకి మూలం ఎక్కడ దొరుకుతుంది?

తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ తెరిచి చూడండి. జనాభా, ఇళ్ల సంఖ్య, సాగుభూమి విస్తీర్ణం, బడి, బస్సు సౌకర్యం... ఇవన్నీ ఉంటాయి. 2011 జనగణన లెక్కల నుంచి తెచ్చి వేలాది గ్రామాల పేజీల్లో చేర్చిన వివరాలివి. చెరువు ఎప్పుడు తవ్వారు, జాతర ఏ నెలలో జరుగుతుంది, ఊరికి కరెంటు ఏ ఏడాది వచ్చింది అని చూస్తే మాత్రం చాలా పేజీల్లో ఒక్క ముక్కా కనిపించదు. ఊళ్లోవాళ్లకు ఇవన్నీ తెలుసు. వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో ఫొటోలతో సహా పెడుతూనే ఉన్నారు. నిరుడు పెట్టిన ఆ ఫొటో ఈ ఏడాది వెతికితే దొరకదు, అంతే తేడా.

మనవాళ్లకు రాసే ఓపిక లేదని దీనికి చాలామంది చెప్పే కారణం. నేను ఒప్పుకోను. వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇవాళ లక్షకు పైగా వ్యాసాలున్నాయి. పైసా ప్రతిఫలం లేకుండా ఔత్సాహికులు చేసిన పని ఇది. రాసేవాళ్లకు కొరత ఉన్నమాట నిజమే. అంతకంటే పెద్ద కొరత, రాసినదానికి చూపించాల్సిన మూలానిది, అంటే ఆ సంగతి ముందే అచ్చయిన పత్రికో ప్రభుత్వ పత్రమో లాంటి ఆధారానిది.

ఒక కుర్రాడు తన ఊరి పేజీలో గుడి చరిత్ర గురించి నాలుగు వాక్యాలు రాస్తాడు. మర్నాటికి అవి ఉండవు. 'మూలం లేదు' అని నిర్వాహకులెవరో తీసేసి ఉంటారు. ఎందుకు తీశారో ఆ వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీలో అడగవచ్చని అతనికి తెలియదు. మనసు కష్టపెట్టుకుని మళ్లీ ఆ వైపు రాడు. అయినా మూలం చూపాలన్న నిబంధన తప్పని నేను అనను. గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎవరిది, మొదట వచ్చి స్థిరపడింది ఎవరు అనేవి మన ఊళ్లలో కోర్టుల దాకా వెళ్లే తగాదాలు. తాత చెప్పాడన్న మాటతో ఒకరు రాస్తే, ఇంకో తాత మాటతో మరొకరు చెరిపేస్తారు. ఆధారం అడగకపోతే ఆ పేజీని ఎవరూ నమ్మరు.

మరి ఆ ఆధారం ఎక్కడ ఉండాలి? మొదట పత్రికల జిల్లా ఎడిషన్లలో. మన పత్రికలు దశాబ్దాలుగా మండల విలేకరులతో ఊరూరి వార్తలు రాయిస్తున్నాయి. వంతెన ప్రారంభం, బడి స్వర్ణోత్సవం, చెరువుకు గండి, అన్నీ అచ్చయ్యాయి. ఇంత స్థానిక సమాచారం అచ్చయిన చోట ఊరి చరిత్రకు మూలాలు పుష్కలంగా ఉండాలి. కానీ ఈ-పేపర్‌లో పాత జిల్లా పేజీ కోసం వెతికితే లింకు తెరుచుకోదు, లేదా చందా అడుగుతుంది. తెరుచుకున్నా చాలాసార్లు అది పేజీ బొమ్మ మాత్రమే; అందులో ఊరి పేరు కొట్టి వెతకలేం. ప్రభుత్వ పత్రాలదీ ఇదే బాధ. స్కాన్ చేసిన కాగితాలు, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లో కాకుండా పాత 'అను' ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు సెర్చికి చిక్కవు.

మూలం బయట ఉంటే మనవాళ్లు ఏం చేయగలరో 2016లో చూశాం. ఆ ఏడాది అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. ఏ గ్రామం ఏ మండలంలోకి, ఏ జిల్లాలోకి వెళ్లిందో ప్రభుత్వ ఉత్తర్వుల్లో జాబితాలుగా వచ్చింది. వికీపీడియన్లు వాటిని ముందుపెట్టుకుని ఊరి పేజీలు సవరించారు, ఉత్తర్వునే మూలంగా చూపారు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు మళ్లీ అదే శ్రమ. ఉత్తర్వులు అందరికీ కనబడేలా ఉంచడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టే తెలుస్తుంది. అదే ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలను ఎప్పుడూ పెట్టే వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు. 2024లో ప్రభుత్వం మారాక పునరుద్ధరించారు. ఆ మధ్య జరిగిన చర్చంతా పారదర్శకత గురించే. అంతవరకూ సబబే. కానీ జీవో అంటే రేపటి చరిత్రకారుడికి దొరకాల్సిన కాగితం కూడా, ఆ సంగతి ఎక్కువమంది పట్టించుకోలేదు.

ఫొటోల దగ్గర మరో అడ్డంకి. మన చట్టం ప్రకారం ప్రభుత్వ రచనలకు 60 ఏళ్ల కాపీరైట్ ఉంటుంది. ప్రజల సొమ్ముతో సమాచార శాఖ తీయించిన ఫొటోను కూడా ఎవరైనా వాడుకోవచ్చన్న స్వేచ్ఛా లైసెన్సు ఇవ్వనిదే వికీపీడియాలో వాడలేరు. దీన్ని మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు.

రాబోయే జనగణన 2027లో. అంకెలు విడుదల కాగానే ఊరి పేజీల్లో జనాభా మారుతుంది, ఆ పని మనవాళ్లు ఎలాగూ చేస్తారు. ఈలోగా రెండు రాష్ట్రాల పంచాయతీరాజ్ శాఖలు గ్రామసభ తీర్మానాలను యూనికోడ్ తెలుగులో, మారని లింకులతో బయటపెట్టాలి. పత్రికలు కనీసం పదేళ్లు దాటిన జిల్లా పేజీలనైనా చందా లేకుండా చదవనివ్వాలి. పాత జిల్లా ఎడిషన్‌తో వాటికి వచ్చే ఆదాయం ఎంతని? దాన్ని దాచిపెట్టి ఊళ్లకు చేస్తున్న నష్టం మాత్రం చాలా ఎక్కువ.